హైదరాబాద్‌లో ఇంటి వద్ద నర్సింగ్ సేవ: మంచాన ఉన్న అత్తగారి కోసం తీసుకున్నాక రాస్తున్న సమీక్ష

పక్షవాతంతో కుడి వైపు చచ్చుబడి, ఆహారం పోసే ముక్కు గొట్టంతోనూ యూరిన్ పైపుతోనూ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మా అత్తగారి కోసం హైదరాబాద్‌లోని ఒక హోమ్ నర్సింగ్ ఏజెన్సీ సేవను తీసుకున్నాము. ఆమెకు 78 ఏళ్లు, చాలా కాలంగా షుగరు ఉంది, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకోవాలి. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఇంటికి వచ్చిన కేర్‌టేకర్లలో ఎక్కువ మంది అంతకు ముందు వేరే ఏజెన్సీల తరఫున పనిచేసినవారే, కొందరు మా దగ్గర నుంచి మరో ఏజెన్సీకి వెళ్లారు. మనుషులు ఇలా మారుతూనే ఉండే వ్యాపారంలో బోర్డు మీది పేరు చూసి నాణ్యతను అంచనా వేయడం కష్టం. అందుకని ఏ పని ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎక్కడ లోటు వచ్చింది అన్నదే వివరంగా రాస్తున్నాను.

ఫోన్‌లో మాట్లాడిన మేనేజరు “24 గంటలూ నర్సు ఉంటారు మేడమ్” అన్నారు. ఒప్పంద పత్రంలో ఉన్నది వేరు. మొదటి నెల పగలు 12 గంటలు నర్సు, రాత్రికి అటెండెంట్. ఆ తరువాత ఇంట్లోనే ఉండే అటెండెంట్ ఒకరు, వారానికి ఒకసారి సూపర్‌వైజర్ నర్సు వచ్చి చూసి వెళ్లడం. మాకు పడిన ధర పగటి నర్సుకు నెలకు 42,000 రూపాయలు, 24 గంటల అటెండెంట్‌కు 27,000 రూపాయలు. భోజనం, వసతి మనవే, ఒక నెల సొమ్ము ముందుగా కట్టాలి. ఆసుపత్రి గది అద్దెతో పోల్చుకుంటే ఇది చవకే అనిపిస్తుంది కానీ, ఆసుపత్రి గదికి చివరి తేదీ ఉంటుంది, దీనికి ఉండదు.

డబ్బు కట్టే ముందే అడగవలసిన మొదటి విషయం, వచ్చే మనిషి చదువు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లది, ఏఎన్ఎం రెండేళ్లది. ఈ మూడింటిలో ఏది చదివినవారికైనా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అనే శిక్షణ కొన్ని నెలలది మాత్రమే. అది పొందినవారు స్నానం చేయించగలరు, బట్టలు మార్చగలరు, ఒత్తిగిలించగలరు, డైపర్ మార్చగలరు, బీపీ చూసి రాయగలరు. ఇంజెక్షన్ ఇవ్వడం, ముక్కు గొట్టాన్ని కొత్తగా వేయడం, యూరిన్ పైపు మార్చడం వారి పని కాదు. ఏ శిక్షణా లేకుండా పనిలోనే నేర్చుకున్న అటెండెంట్లూ ఉన్నారు, వారిలో కొందరు నిజంగా నేర్పరులు. అయితే ఏజెన్సీ వారు ఈ అందరినీ ఒకే గాటన కట్టి “సిస్టర్” అని పంపిస్తారు. మేము రిజిస్ట్రేషన్ నంబరు అడిగినప్పుడు ఒక పూట ఆలస్యంగానైనా పంపించారు. ఇది ఈ ఏజెన్సీకి దక్కవలసిన మంచి మార్కు, ఎందుకంటే అంతకు ముందు విచారించిన మరో రెండు చోట్ల ఆ ప్రశ్నకు జవాబే రాలేదు.

మొదటి నెల వచ్చిన జీఎన్ఎం నర్సు పని తీరుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఆమె వచ్చిన రోజు మందుల పెట్టె కంటే ముందు అత్తగారి వీపు చూశారు. నడుము దిగువన పిరుదుల మధ్య ఎముక దగ్గర, తుంటి దగ్గర, మడమల దగ్గర, చెవి వెనుక కూడా చూసి, ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదిలారు. వదిలిన వెంటనే తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే అక్కడ రక్తప్రసరణ ఇంకా బాగానే ఉన్నట్టు. నొక్కినా ఎరుపు చెదరకుండా ఉంటే అది బెడ్ సోర్ (ఒకే చోట ఒత్తిడి పడి వచ్చే పుండు) మొదటి దశ, అప్పటికి పైచర్మం చిట్లకపోయినా సరే. తరువాత ఆమె బ్రేడెన్ స్కేల్ అనే పట్టికను నింపారు. స్పర్శ తెలియడం, చర్మం తడి, నడవగలగడం, పక్క మీద తనంతట తాను కదలగలగడం, ఆహారం, చర్మం రాపిడి అనే ఆరు అంశాలకు అంకెలు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు ఉంటుంది, 18 లేదా అంతకంటే తక్కువైతే పుండ్లు పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అత్తగారికి 11 వచ్చింది. ఆ అంకె చూసిన తరువాతే, రెండు గంటలకు ఒకసారి ఒత్తిగిలించాలని డాక్టరు ఎందుకు అంత గట్టిగా చెప్పారో మా ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఎయిర్ బెడ్ ఉంది కదా, ఇంకా తిప్పడం ఎందుకు అని చాలా మంది అనుకుంటారు. గాలి గదులు వంతుల వారీగా ఉబ్బి తగ్గే ఆ పరుపు ఒత్తిడిని తగ్గిస్తుంది తప్ప తిప్పవలసిన అవసరాన్ని తీసేయదు. పంపు మీద ఉండే మీటను మనిషి బరువును బట్టి అమర్చాలి. దాన్ని చివరి దాకా తిప్పి పెడితే పరుపు చెక్కలా గట్టిపడి ప్రయోజనం పోతుంది. దాని మీద రబ్బరు షీటు, బొంత, దుప్పటి అని పొరలు పొరలుగా వేయడం కూడా అంతే. పుండు పడుతుందేమోనని నడుము కింద గుండ్రటి గాలి ట్యూబు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. నర్సు దాన్ని తీసేయించారు, ఎందుకంటే ఆ ట్యూబు అంచు చుట్టూ ఒత్తిడి పడి మధ్యలోని చర్మానికి రక్తం అందకుండా పోతుంది. ఎర్రబడిన చోట నూనె పెట్టి గట్టిగా మర్దన చేయడాన్నీ ఆమె ఆపించారు. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీల వాలులో పడుకోబెట్టడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు ఆనకుండా చూడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాము.

ఎత్తే పద్ధతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగినా, చంకల్లో చేతులు వేసి పైకి జరిపినా, కండరాల పట్టు సడలిన ఆ భుజం కీలు జారే ప్రమాదం ఉంది. నర్సు ఒక పాత నేత చీరను రెండు మడతలు వేసి అత్తగారి భుజాల నుంచి తొడల వరకు కింద పరిచి, ఇద్దరం చెరో వైపు దాన్ని పట్టుకుని జరపడం చూపించారు. చర్మం రాపిడికి గురికాదు, మన నడుమూ పట్టేయదు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

ముక్కు గొట్టం విషయంలోనూ ఆమె అంతే జాగ్రత్తగా ఉన్నారు. గొట్టం ముక్కు దగ్గర ఎంత లోతున ఉందో మార్కరుతో గీత పెట్టి, ప్రతిసారీ ఆ గీత అక్కడే ఉందో లేదో చూసి, సిరంజితో కొద్దిగా వెనక్కి లాగి కడుపులోని ద్రవం వస్తోందో లేదో గమనించి, ఆ తరువాతే ఆహారం పోసేవారు. గాలి కొట్టి పొట్ట మీద చప్పుడు వింటే చాలనే పద్ధతిని నమ్మలేమని చెప్పారు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం, పోసిన తరువాత కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఉంచడం, ముందూ వెనుకా నీళ్లు పోసి గొట్టాన్ని శుభ్రం చేయడం తప్పనిసరి. రాగి జావను పలుచని బట్టలో వడగట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది. మాత్రలన్నీ నూరి పోయకూడదు. నెమ్మదిగా పనిచేసేలా తయారైన ఎస్‌ఆర్, ఈఆర్ రకాల మాత్రలను నూరితే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. ఆమె మా మందుల చీటీ చూసి అలాంటిది ఒకటి గుర్తించి, డాక్టరుతో మాట్లాడి మార్పించారు. నోటితో ఏమీ తినని మనిషికి నోరు శుభ్రం చేయడం ఎందుకనిపిస్తుంది కానీ, నోట్లో పేరుకున్న క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. ఆమె రోజుకు రెండు సార్లు తడి గాజుగుడ్డతో నాలుక, చిగుళ్లు తుడిచేవారు.

ఆమె వెళ్లిపోయి, 24 గంటల అటెండెంట్ వచ్చిన తరువాతే ఈ సేవ అసలు స్వరూపం తెలిసింది. వచ్చిన అమ్మాయి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చింది, మనిషి మంచిది, చేతిలో పని ఉంది. “అమ్మమ్మా, ఇటు కాస్త తిరుగుదామా” అని బతిమాలుతూ పనిచేసేది. మాట పడిపోయిన మా అత్తగారు ఆమె గొంతు వినగానే ఎడమ చెయ్యి చాపేవారు. అటెండెంట్‌కు తెలుగు రావడం ఎంత పెద్ద విషయమో, ఆమె సెలవులో ఉన్నప్పుడు హిందీ మాత్రమే వచ్చిన మరొకరు వచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజుల్లో అత్తగారు సైగలు చేయడం కూడా మానేశారు.

అయితే ఒక్క మనిషి 24 గంటలు మేలుకుని ఉండడం ఎక్కడా సాధ్యం కాదు. రెండు గంటలకు ఒకసారి తిప్పాలంటే రాత్రి పది నుంచి ఉదయం ఆరు లోపల కనీసం మూడు సార్లు లేవాలి. పగలంతా పనిచేసిన అమ్మాయిని రాత్రీ అలా లేపితే నాలుగో రోజుకు పగటి పని చెడుతుంది. ఏజెన్సీ ఈ లెక్కను వినియోగదారుడికి చెప్పదు. 24 గంటలు అని రాసి, అందులో నిద్ర ఎన్ని గంటలో రాయదు. చివరికి రాత్రి రెండింటికి, నాలుగింటికి తిప్పే పని నా భర్త, నేను పంచుకున్నాము. 24 గంటల ప్యాకేజీ కొనాలనుకునేవారు రాత్రి పనిలో సగం తమదేనని ముందే అనుకోవడం మంచిది. లేదా పగటికి ఒకరిని, రాత్రికి ఒకరిని పెట్టుకోగల స్తోమత ఉండాలి. మేము కట్టే సొమ్ములో సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే తన చేతికి వస్తుందని ఆ అమ్మాయి ఒకసారి చెప్పింది. ఏజెన్సీకి ఖర్చులు ఉంటాయి, కాదనను. కానీ ఆ మిగిలిన భాగానికి బదులుగా వారు ఇవ్వవలసినవి శిక్షణ, పర్యవేక్షణ, సెలవు రోజుకు సరైన ప్రత్యామ్నాయం. నా అసంతృప్తి అంతా ఈ మూడింటి గురించే.

ప్రత్యామ్నాయంగా వచ్చేవారికి రోగి గురించి ఏమీ చెప్పి పంపరు. పాత అటెండెంట్ మధ్యాహ్నం వెళ్లిపోతుంది, కొత్త మనిషి సాయంత్రం సంచీతో వచ్చి “పేషెంట్‌కు ఏమైంది మేడమ్” అని అడుగుతుంది. అలా వచ్చిన ఒకరు, ఇన్సులిన్ సిరంజిలు అయిపోతే మందుల షాపు నుంచి నారింజ రంగు మూత ఉన్నవి తెచ్చి ఎక్కించబోయారు. ఇది ప్రతి షుగరు ఇంట్లోనూ తెలియవలసిన విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను. మన దేశంలో ఇన్సులిన్ బుడ్డీలు ఎక్కువగా యు-40 రకానివి, అంటే ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూత సిరంజి యు-100కు, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండేదానికి సరిపోయేది. యు-40 బుడ్డీ నుంచి నారింజ మూత సిరంజితో 10 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 4 యూనిట్లే. అదే తారుమారై, యు-100 మందును ఎర్ర మూత సిరంజితో 10 వరకు తీస్తే 25 యూనిట్లు వెళతాయి, మాట్లాడలేని మనిషి షుగరు పడిపోయి స్పృహ తప్పినా నిద్రపోతున్నారనే అనుకుంటాము. ఆ రోజు మూత రంగు చూసి నేను ఆపాను. అసలు ఇంజెక్షన్ ఇవ్వడం అటెండెంట్ పనే కాదని ఒప్పందంలోనే ఉంది కానీ, నర్సు గడువు ముగిసిన తరువాత రెండు పూటలా ఇన్సులిన్ ఎవరు ఇవ్వాలో అదే ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను.

యూరిన్ సంచీ సంగతీ అలాంటిదే. సంచీ ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద వేలాడాలి, నేలకు తగలకూడదు, మూడింట రెండు వంతులు నిండేలోపు ఖాళీ చేయాలి. ఒత్తిగిలించేటప్పుడు దాన్ని రోగి పొట్ట మీదుగా అటు వైపుకు తీసుకెళితే మూత్రం వెనక్కి పారి ఇన్ఫెక్షన్ వస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ ఈ మాట మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది.

వారానికి ఒకసారి వస్తానన్న సూపర్‌వైజర్ నర్సు మొదట్లో వచ్చారు, తరువాత ఫోన్‌తో సరిపెట్టారు. నెలాఖరుకు ఏజెన్సీ పంపిన కాగితాల్లో మాత్రం అన్ని వారాలకూ విజిట్ జరిగినట్టు టిక్కులు ఉన్నాయి. గట్టిగా అడిగాక క్షమాపణ చెప్పి, ఆ నెల బిల్లులో కొంత తగ్గించారు. తగ్గించిన సొమ్ము మాకు ముఖ్యం కాదు. ఆమె వచ్చి ఉంటే ఎడమ మడమ మీద పడిన ఎరుపును మా కంటే ముందు చూసేవారు. అది తొలి దశలోనే దొరికి మానిపోవడం మా అదృష్టం.

మధ్యలో కుటుంబ అవసరం వచ్చి, కొద్ది రోజులు అత్తగారిని నగర శివారులోని ఒక దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రంలో ఉంచాము. తల్లిదండ్రులను అలాంటి చోట ఉంచడం గురించి మన బంధువర్గం ఏమంటుందో నాకు తెలుసు, ఆ మాటలు మేమూ పడ్డాము. పని పరంగా చూస్తే అక్కడ రెండు విషయాలు ఇంటి కంటే మెరుగు. రాత్రి డ్యూటీ నర్సు మేలుకునే ఉంటారు, తిప్పడానికి ఎప్పుడూ నాలుగు చేతులు దొరుకుతాయి. మంచం దగ్గరే వేలాడే చార్టులో ప్రతి షిఫ్టు మార్పిడికీ రెండు సంతకాలు ఉండేవి. ఇంటి సేవలో నేను మొత్తుకున్నా దొరకనిది అదే. ఫిజియోథెరపిస్టు కూడా రోజూ వచ్చి ఎడమ చేతితో బంతి పట్టించేవారు.

మెరుగు కాని విషయాలూ ఉన్నాయి. రాత్రి భోజనం సాయంత్రం ఆరున్నరకే ముగిసేది, దీపాలు ఎనిమిదికి ఆర్పేసేవారు. కొత్త గది, కొత్త ముఖాల వల్ల అత్తగారు సాయంత్రాలు బాగా కలవరపడ్డారు. ఒకసారి వెళ్లేసరికి, గొట్టం పీకేసుకుంటున్నారని ఆమె ఎడమ చేతిని గాజుగుడ్డతో మంచానికి కట్టి ఉంచారు. ఆమెకు పనిచేసే చెయ్యి అదొక్కటే. కట్టక తప్పని పరిస్థితి వస్తే డాక్టరు రాతపూర్వకంగా చెప్పాలి, కుటుంబానికి తెలియజేయాలి, తరచుగా విప్పి చూడాలి. అంతకంటే ముందు మెత్తటి చేతి తొడుగు ప్రయత్నించాలి. అడిగిన తరువాత తొడుగు వేశారు, అది చక్కగా సరిపోయింది కూడా. ఇలాంటి కేంద్రాన్ని చూడడానికి వెళ్లేవారు రిసెప్షన్‌లో చూపించే ఫోటోలకంటే ముందు, చేతులు కట్టే విషయంలో వారి పద్ధతి ఏమిటో అడగాలి. వీలైతే రాత్రి తొమ్మిది తరువాత వెళ్లి, ఆ అంతస్తులో ఎంత మంది మేలుకుని ఉన్నారో స్వయంగా చూడాలి. రాత్రి రానివ్వం అన్న చోట నేనైతే చేర్చను.

ఖర్చు విషయంలో బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. మన దేశంలోని ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్స్‌క్లూజన్ 05 అనే ప్రామాణిక నిబంధన ఉంటుంది. స్నానం, దుస్తులు, కదలిక వంటి రోజువారీ పనులకు ఇంట్లోగానీ నర్సింగ్ కేంద్రంలోగానీ నర్సు చేసినా, మామూలు సహాయకులు చేసినా ఆ ఖర్చు చెల్లించరని దానిలో స్పష్టంగా ఉంది. 2024లో 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ పథకం కూడా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే పనికివస్తుంది. కాబట్టి ఈ 27,000 అయినా 42,000 అయినా ప్రతి నెలా జేబు నుంచే.

ఒప్పందంలో మరో రెండు చోట్ల పెన్నుతో గీత పెట్టుకోవాలి. అటెండెంట్‌ను ఏజెన్సీని కాదని నేరుగా పనిలో పెట్టుకుంటే రెండు నెలల సొమ్ము జరిమానాగా కట్టాలనే నిబంధన ఒకటి. సేవలో జరిగే ఏ హానికీ సంస్థ బాధ్యత వహించదనే వాక్యం మరొకటి. ఆ వాక్యం చూసి ఇక ఫిర్యాదుకు దారే లేదనుకోవలసిన పని లేదు. డబ్బు తీసుకుని చేసే సేవ కనుక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. వృద్ధులను కొట్టడం, నిర్లక్ష్యం చేయడం వంటివి కనిపిస్తే 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది. మాకు ఆ అవసరం రాలేదు.

నర్సు పనికి ఐదుకు ఐదు, శ్రీకాకుళం నుంచి వచ్చిన అటెండెంట్‌కు నాలుగు, ఏజెన్సీ నిర్వహణకు రెండు ఇస్తున్నాను. రాత్రిపూట లేవగల మనుషులు ఇంట్లో కనీసం ఇద్దరు ఉండి, ఇన్సులిన్ ఇవ్వడం నేర్చుకోవడానికి ఒకరు సిద్ధంగా ఉన్న కుటుంబానికి ఈ సేవ సరిపోతుంది. వృద్ధ దంపతులు ఇద్దరే ఉండి, పిల్లలు అమెరికా నుంచో బెంగళూరు నుంచో ఫోన్‌లో పర్యవేక్షించే ఇంటికి 24 గంటల ప్యాకేజీని నేను సిఫారసు చేయను. అక్కడ రెండు షిఫ్టులైనా ఉండాలి, రాత్రి నర్సు ఉన్న కేంద్రమైనా ఉండాలి.

ప్రస్తుతం మేము ఆ ప్యాకేజీని మానుకుని, పగటి 12 గంటలకు అదే అటెండెంట్‌ను ఉంచుకున్నాము, పైపు మార్చడానికీ చర్మం చూడడానికీ నర్సును విడిగా విజిట్ లెక్కన పిలిపించుకుంటున్నాము. విజిట్‌కు 900 రూపాయలు, గ్లవ్స్, పైపు, సంచీ మనమే కొని ఉంచాలి. ముందు రోజు మధ్యాహ్నం లోపు చెబితే వస్తారు, ఆదివారాలు మాత్రం రారు.